కాలికి లేని నొప్పి

బల్ల మీద పడుకుని కుడి కాలు నా ఒళ్లోకి చాపాడు. చీలమండ బయటి వైపు నొప్పిగా ఉందన్నాడు. కాలికున్న కట్టు కిందికి బొటనవేలు దూర్చి ఎముక కింద నొక్కాను, ఎముక ముందు నొక్కాను, వెనక నరం పక్కన నొక్కాను. నొప్పి ఉన్న కాలు మనిషి కంటే ముందు మాట్లాడుతుంది. వేలు తగలగానే కండ బిగుసుకుంటుంది, మడమ వెనక్కి లాక్కుంటుంది. ఈ కాలు మాత్రం నిద్రపోతున్న పిల్లిలా మెత్తగా పడి ఉంది. మూలుగు నోట్లోంచి వచ్చింది, అది కూడా నేను వేలు తీసేశాక.

పదిహేడేళ్లుగా బాస్కెట్‌బాల్ జట్లకు ఫిజియోగా పనిచేస్తున్నాను. పొద్దస్తమానం అందరి కాళ్లూ పట్టుకుని, ఇంటికొచ్చి తల ఎగరేసేదాన్ని నిన్నొక్కదాన్నే చూశానంటాడు మా ఆయన. ఆయన స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. ఆయన మాటలకేం గానీ, కాలు అబద్ధమాడితే కనిపెట్టడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య.

"వాపేమీ లేదు కదరా" అన్నాను.

"లోపల ఉందక్కా" అన్నాడు, నా మొహం చూడకుండా.

వీడిని జట్టులో అందరూ బుడ్డోడు అంటారు. ఆరడుగుల ఒక అంగుళం ఉంటాడు. వీధిలో నడుస్తుంటే జనం తలెత్తి చూస్తారు, జట్టులో మాత్రం అందరికంటే పొట్టి. ఇరవై రెండేళ్లు. చిన్న ఊళ్ల పోటీల్లో దూరం నుంచి వరసపెట్టి బుట్టలో వేస్తుంటే చూసి, మా కోచ్ మూడు నెలల పరీక్షా ఒప్పందం మీద తీసుకొచ్చాడు. ఆ మూడు నెలలూ ఇవాళ్టి శనివారంతో అయిపోతాయి. సాయంత్రం ఆరింటికి ఆఖరి ఆట. సోమవారం పొద్దున జాబితా అంటిస్తారు. అందులో పేరుంటే రెండేళ్ల ఉద్యోగం, లేకపోతే సంచి సర్దుకోవడమే. ఒక్క మినహాయింపు ఉంది. గాయంతో ఉన్న ఆటగాణ్ణి అది మానేదాకా తీసెయ్యకూడదని ఒప్పందంలో రాసి ఉంది. గాయం ఉందో లేదో రాసి సంతకం పెట్టాల్సింది నేను.

అందుకే నాలుగింటికల్లా నా గదికి వచ్చాడు. వాడు నోరు తెరిచి అడగక ముందే నాకు అర్థమైంది. అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ మంటలో సగం నా మీదే.

ఎందుకంటే మొదటి తప్పు నాది. పద్దెనిమిది రోజుల కిందట ఇక్కడే జరిగిన ఆటలో వీడు విసిరిన బంతులు వరసగా ఆరు తప్పాయి. మూడోది తప్పినప్పుడు ప్రేక్షకుల మెట్ల మీద ఎవడో "మూడూ" అని గట్టిగా లెక్కపెట్టాడు. నాలుగోదానికి పదిమంది గొంతు కలిపారు. ఆరోదానికి హాలంతా కలిసి "ఆరూ" అంది. కోచ్ వీణ్ణి బయటికి పిలిచేసరికి బెంచీ చివర తువ్వాలు నెత్తిమీద కప్పుకుని కూర్చున్నాడు. మరో మూడు రోజులకు వేరే ఊళ్లో ఆట. బయల్దేరే ముందు వీడు బాత్రూములో వాంతి చేసుకుంటుంటే చూశాను. ఒక్క ఆట తప్పించక్కా, ఒక్కటంటే ఒక్కటి, మళ్లీ అడగను అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కానీ దాని పక్కనే జాలి కూడా ఉంటుంది, ఆ జాలి పనికిమాలినది. "కుడి చీలమండకు స్వల్ప వాపు, మూడు రోజులు విశ్రాంతి" అని రాసిచ్చాను.

వాపు అని రాశాక కట్టు కట్టాలి కదా. రోజూ ప్రాక్టీసుకు ముందు వీణ్ణి ఇదే బల్ల మీద కూర్చోబెట్టి, ముందు పలచటి స్పాంజి పట్టీ, దాని మీద తెల్లటి ప్లాస్టర్ చుట్టి పంపేదాన్ని. కోచ్ కళ్లు డేగ కళ్లు, కాలికి కట్టు లేకపోతే అడుగుతాడు. అయితే ఏ దెబ్బా లేని కాలును బిగించి కడితే చెడుపు చేస్తుందని నాకు తెలుసు. అందుకని పైకి గట్టిగా కనబడేలా, లోపల వదులుగా కట్టేదాన్ని. నా రెండు వేళ్లు సులువుగా దూరేవి. అది కట్టు కాదు, వేషం.

ఒక ఆట మానేస్తే ధైర్యం కూడగట్టుకుంటాడనుకున్నాను. జరిగింది వేరు. తిరిగి వచ్చాక వీడు బాస్కెట్ వైపు చూడటమే మానేశాడు. నాలుగు ఆటల్లో విసిరినవి ఏడు బంతులు, పడింది ఒకటి. తక్కిన ఆరూ రింగు ముందు అంచుకు తగిలి ముందుకే పడ్డాయి. పోయిన ఆటలో బాస్కెట్ కింద ఒక్కడే ఉన్నాడు, చుట్టూ పురుగు లేదు, చెయ్యెత్తి పెడితే చాలు. వెనక్కి తిరిగి ఎవరికో అందించాడు. ఆ ఎవరో లేరు. బంతి గీత దాటి వెళ్లి కుర్చీల కింద దూరింది. జనం నవ్వారు. ప్రాక్టీసులో మాత్రం ఎవరూ చూడనప్పుడు పదికి ఎనిమిది వేస్తాడు. చెయ్యి ఎక్కడికీ పోలేదు, ఆ చేతి మీద నమ్మకం పోయింది.

ఇప్పుడు బల్ల మీద లేచి కూర్చుని మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. ఈసారి వాపు కాదు, నరం తెగిందని రాయమన్నాడు. ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ ఒక్కడే ప్రాక్టీసు చేసుకుంటాడట, అప్పటికి అంతా సర్దుకుంటుందట. వాళ్ల అన్నయ్య ఫ్రిజ్‌లు బాగుచేసే పని మానుకుని, ఎనిమిది గంటలు బస్సులో కూర్చుని ఈ ఆట చూడటానికి వచ్చాడట. వీడికి బంతి పట్టడం నేర్పింది ఆయనే. ఆయన ముందు నవ్వులపాలు కావడం కంటే కుంటుకుంటూ బెంచీ మీద కూర్చోవడం నయం అన్నాడు.

"ఒక్క సంతకం అక్కా. నీదేం పోతుంది?"

ఏం పోతుందో చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో వాడు నీళ్ల సీసా కోసం బల్ల దిగి రెండడుగులు వేశాడు. కుంటుతున్నాడు. నా కోసం కాదు, వాడి వీపు నా వైపు ఉంది, నేను చూస్తున్నానని కూడా వాడికి తెలియదు. కుడి కాలు నేల మీద పెట్టడానికి భయపడి, నిజంగానే కుంటుతున్నాడు. నేను కాగితం మీద రాసిన నొప్పి వాడి కాల్లోకి దిగింది. రోజూ కట్టు కడుతూ, నీకేదో ఉందిరా, నువ్వు మామూలుగా లేవురా అని వాడికి చెబుతూ వచ్చింది నేనే.

మా గది ప్రేక్షకుల మెట్ల కింద ఉంటుంది. పైకప్పు ఒక వైపుకి ఏటవాలుగా దిగుతుంది. తలలు పగలకుండా అక్కడ స్పాంజి అతికించాను. జనం వచ్చేకొద్దీ పైన అడుగుల చప్పుడు పెరుగుతుంది. అయిదింటికి అక్కడొకటి ఇక్కడొకటి వినబడ్డాయి. అయిదుంబావుకి నడినెత్తి మీద ధాన్యం బస్తాలు దించుతున్నట్టుంది. వాడు ఆ చప్పుడు విన్నప్పుడల్లా పైకి చూస్తున్నాడు. నా ముందు ఆటగాళ్ల కాగితం ఉంది. పన్నెండు పేర్లు, ఎదురుగా రెండు గళ్లు, ఆడగలడు, ఆడలేడు. పదకొండు నింపాను.

ఆడలేడు అని రాస్తే ఉద్యోగం నిలబడుతుంది, కుర్రాడు మిగలడు. ఆరు వారాలయ్యాక ఇంకో నొప్పి పుడుతుంది, ఆ తర్వాత ఇంకోటి. అలాంటివాళ్లను చూశాను. ఆడగలడు అని రాసి ఊరుకుంటే ఇవాళ హాలంతా మళ్లీ లెక్కపెడుతుంది, సోమవారం బస్సెక్కుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అందులోకి వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించిందాన్ని నేను.

తలుపు తీసుకుని కోచ్ వచ్చాడు. ఆయన ఇరవై ఏళ్లు ఆడి రెండు మోకాళ్లూ అరగదీసుకున్న మనిషి, మాటలు కూడా మోకాళ్లలాగే పొదుపుగా వాడతాడు. కాగితం కోసం చెయ్యి చాపాడు. పన్నెండో గడి ఖాళీగా ఉండటం చూసి నా మొహం చూశాడు.

"ఆడగలడు" అన్నాను.

"లేదు సార్" అన్నాడు బుడ్డోడు. "నొప్పి ఉంది. పదిహేను రోజుల నుంచి ఉంది. అక్కే రాసింది కదా."

పైన ఎవరో ఈల వేశారు. నేను కుర్చీలోంచి లేచాను. కూర్చుని చెబితే మాట సగంలో ఆగిపోతుందనిపించింది.

"అప్పుడు నేను రాసింది అబద్ధం సార్. వాపు లేదు, ఏమీ లేదు. భయపడుతున్నాడని నేనే రాశాను."

కోచ్ నావైపు చూడలేదు, వాడి వైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, అంతకంటే చెడ్డది ఉంది. ఓహో, ఇదా సంగతి అన్న చూపు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. నిజం చెబితే వాడు బాగుపడతాడనుకున్నానే గానీ, ఆ నిజానికి వాడు పిరికివాడని అర్థం వస్తుందని నాకు తట్టలేదు. ఇంకో రెండు క్షణాలు ఆగితే కోచ్ ఆ గడిలో కాదు, మనసులోనే గీత కొట్టేస్తాడు. వాడు కూడా తన మీద తనే కొట్టేసుకుంటాడు.

ఆడలేక మద్దెల ఓడన్నారని లోకం వెక్కిరిస్తుంది. కానీ ఒక్కసారి ఆ మద్దెలే నోరు తెరిచి, అవును, ఓడు నాదే అని ఒప్పుకుంటే?

"అక్కడితో ఆగలేదు సార్" అన్నాను. "అబద్ధం బయటపడకూడదని రోజూ కట్టు కట్టాను. మరీ బిగించేశాను. మంచి కాలును అలా బిగిస్తే ఎగరడం తగ్గుతుంది. వీడి షాట్లన్నీ ముందు అంచుకే ఎందుకు తగులుతున్నాయనుకున్నారు? చెయ్యి పోయి కాదు. నా కట్టు వల్ల."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. కత్తెర తీసి, వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, పొద్దున నేనే చుట్టిన ప్లాస్టర్‌ను పైనుంచి కిందికి కోసి చెత్తబుట్టలో పడేశాను. రెండు వేళ్ల ఖాళీ కోచ్‌కు కనబడకుండా చేతిని అడ్డుపెట్టాను. కట్టక ముందు తప్పిన ఆ ఆరు బంతుల మాటేమిటని వాడు అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. వాడు అడగలేదు. మునిగిపోయేవాడు గడ్డిపోచ దొరికితే దాని పొడవు కొలవడు.

వాడు తన కాలి వైపే చూస్తున్నాడు. వేళ్లు కదిపాడు. బల్ల మీంచి దూకి ఆ కాలి మీదే నిలబడ్డాడు, ఒంటికాలి మీద రెండుసార్లు ఎగిరాడు. కుంటు ఎటు పోయిందో తెలియదు. తర్వాత నా వైపు తిరిగాడు. అంత కోపం వాడి మొహంలో ఎప్పుడూ చూడలేదు.

"పదిహేను రోజులు నిద్రపోలేదు నేను. నా చేతులు చచ్చిపోయాయనుకున్నా. నువ్వు తెలిసే ఊరుకున్నావా?"

అవునన్నాను. సాయం చెయ్యమంటే ఇదా చేసింది అన్నాడు. సాయం ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో వాడికి అప్పుడు గుర్తులేదు, నేను గుర్తుచెయ్యలేదు. కోచ్ పన్నెండో గడిలో ఆడగలడు అని తనే రాసి, సంతకం కోసం కాగితం నా ముందు పెట్టాడు. సంతకం చేశాను.

ఆటలో వాణ్ణి రెండో క్వార్టర్‌లో దింపారు. నేను ఐసు సంచి పట్టుకుని బెంచీ చివర కూర్చున్నాను. మొదటి బంతి మూల నుంచి విసిరాడు, ఏ సందేహమూ లేకుండా. రింగును దాటి అవతల పడింది. మెట్ల మీద ఆ దరిద్రుడు మళ్లీ ఉన్నాడు. "ఒకటీ" అన్నాడు. రెండోది రింగు మీద గిర్రున తిరిగి బయటికి వచ్చింది. "రెండూ" అని చాలామంది అన్నారు. వీడు అన్నయ్య ముందు మళ్లీ ఆరు దాకా లెక్కపెట్టించుకుంటే, దానికి పూచీ ఎవరిది?

ఇదివరకు తప్పినప్పుడల్లా వాడు తన అరచేతిని చూసుకునేవాడు, అది ఎవరిదో పరాయి వస్తువైనట్టు. ఈసారి అరచేతిని చూసుకోలేదు. బెంచీ చివరకి తిరిగి నన్ను చూశాడు. ఆ చూపును మాటల్లో పెడితే అచ్చువెయ్యలేం. నన్ను తిట్టుకుని, తిరిగి పరిగెత్తి, అవతలివాడి చేతిలోంచి బంతి లాక్కుని, మళ్లీ అదే మూల నుంచి విసిరాడు. వల చప్పుడు నా దాకా వినబడింది. లెక్కపెట్టేవాళ్లు మూడు అనడానికి తెరిచిన నోళ్లు అలాగే మూశారు.

ఆ తర్వాత వాడు ఆగలేదు. పడ్డప్పుడు నన్ను చూడలేదు, తప్పినప్పుడల్లా చూశాడు. ఆ చూపులన్నీ నేను లెక్కపెట్టుకున్నాను, ఆరు. ఎనిమిది పడ్డాయి. ఒక్క పాయింటు తేడాతో వెనకబడి ఉన్నాం, నాలుగు సెకన్లు మిగిలాయి. బంతి మా పొడుగు కెప్టెన్‌కు అందాలని కోచ్ గీసి చూపించాడు. కెప్టెన్ బాస్కెట్ కింద చెయ్యెత్తి ఖాళీగా నిలబడ్డాడు కూడా. బంతి బుడ్డోడికి వచ్చింది. కెప్టెన్‌ను చూశాడు, చూసి తనే ఎగిరాడు. వెనక అంచుకు తగిలి, ముందు అంచుకు తగిలి, బయటికి పడింది.

ఓడిపోయాం. వాడు మాత్రం తువ్వాలు కప్పుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని రింగు వైపు గుర్రుగా చూస్తూ నిలబడ్డాడు. కెప్టెన్‌కు ఎందుకు ఇవ్వలేదని లోపల కోచ్ అడిగాడు.

"పడుతుందనిపించింది సార్" అన్నాడు వాడు.

సోమవారం జాబితాలో వాడి పేరు ఉంది. నన్ను కోచ్ తన గదికి పిలిచాడు. దొంగ కాగితం రాసిన ఫిజియో మాట మీద తక్కిన పదకొండుమంది ఎలా ఆడతారని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నెలాఖరు దాకా ఉండక్కర్లేదని, ఇవాళే వెళ్లొచ్చని మెత్తగా చెప్పాడు. లేవబోతుంటే, తను ఇరవై ఏళ్లు రెండు కాళ్లకూ కట్టుతోనే ఆడానని, బిగిస్తే చీలమండ కదలదే గానీ చేతిలో బంతి జానెడు ముందు పడదని అన్నాడు. అంటే కట్టు మాట అబద్ధమని ఆయనకు అప్పుడే తెలుసు. వాడికి చెప్తావా అని అడిగాడు. తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

గదిలోకి వచ్చి నా కత్తెరలు, నూనె సీసాలు, మా ఆయన కుట్టిచ్చిన గుడ్డ సంచిలో సర్దుకుంటున్నాను. తలుపు దగ్గర నీడ పడింది. బుడ్డోడు. లోపలికి రాలేదు, గడపలోనే నిలబడ్డాడు. అన్నయ్యను బస్సెక్కించి వస్తున్నానన్నాడు. చెప్పాల్సిన మాట దారిలో బాగా వల్లెవేసుకుని వచ్చినట్టున్నాడు.

"మీరు వెళ్తున్నారని తెలిసింది మేడం. ఇంకెక్కడైనా చేరితే, ఇంకెవరి కాలికీ అలా చెయ్యకండి."

మూడు నెలలుగా అక్కా అని పిలిచిన నోరు. ఆ మేడం అన్న మాట, ఉద్యోగం పోయినదానికంటే ఎక్కువ బాధపెట్టింది. ఒరేయ్, ఆ కట్టులో రెండు వేళ్లు దూరేవిరా అని నాలుక చివరి దాకా వచ్చింది. అంటే మళ్లీ అక్కనవుతాను. అయితే వచ్చే ఆటలో బంతి తప్పినప్పుడు వాడు మళ్లీ తన చెయ్యి వైపు చూసుకుంటాడు.

"చెయ్యను" అన్నాను.